మా మేనల్లుడికి: బెన్యామీను అనే పెట్టు

అబ్బాయ్,

నీకూ అమ్మాయికీ చంటివాడికీ మా దీవెనలు.

మీ అమ్మ రాత్రి ఫోన్ చేసింది. "పుడుతూనే తల్లిని పోగొట్టుకున్నవాడి పేరు మనింట్లో వద్దని నువ్వైనా చెప్పు అన్నయ్యా" అని ఏడ్చింది. అసలే అమ్మాయికి కష్టమైన కాన్పు. మీ అమ్మ భయం నాకు తెలుసు. అయినా ఆ పేరే పెట్టమంటాను.

ముందు మీ అమ్మ పక్కన కూర్చుని బైబిల్లో ఆదికాండం 35వ అధ్యాయం చదువు. ఎఫ్రాతా దారిలో యాకోబు భార్య రాహేలుకు నొప్పులొచ్చాయి. ప్రాణం పోతూ బిడ్డను 'బెనోని' అంది. నా దుఃఖపు కొడుకు అని. మిగతా కొడుకులకు దాదాపుగా తల్లులు పెట్టిన పేర్లే ఉండిపోయాయి. ఇక్కడ మాత్రం యాకోబు కల్పించుకుని బెన్యామీను అన్నాడు. తల్లి చావును మోసే పేరు బెనోని. ఆ బరువు బిడ్డ మీద నుంచి దించడానికి తండ్రి పెట్టింది బెన్యామీను. మీ అమ్మకు ఈ ఒక్క సంగతీ నెమ్మదిగా చెప్పు.

'బెన్' అంటే కొడుకు, 'యామీన్' అంటే కుడి. కుడిచేతి కొడుకు. హీబ్రూలో యామీన్ అంటే దక్షిణ దిక్కు కూడా. రేపు పొద్దున వాకిట్లో సూర్యుడికి ఎదురుగా నిలబడు. నీ కుడిచెయ్యి ఎటుంది? దక్షిణానికే. మన 'దక్షిణ' శబ్దానికీ ఆ రెండర్థాలే. వాళ్లూ మనవాళ్లూ తూర్పుకు తిరిగే దిక్కులు లెక్కపెట్టుకున్నారన్నమాట. సమరయుల ధర్మశాస్త్రంలో చివరి అక్షరం మారి బెన్యామీమ్ అయింది. దినాల కొడుకు, అంటే తండ్రి ముసలితనంలో పుట్టినవాడని చెబుతారు. నాకు మాత్రం కుడిచెయ్యే ఇష్టం.

బెన్యామీను గోత్రంలోనే ఇశ్రాయేలు మొదటి రాజు సౌలు పుట్టాడు, అపొస్తలుడైన పౌలూ పుట్టాడు. ఎడమచేతివాటానికి కూడా పేరు వాళ్లదే. ఇశ్రాయేలు న్యాయాధిపతుల్లో ఒకడైన ఏహూదు ఎడమచేతివాడు. న్యాయాధిపతుల గ్రంథం 20వ అధ్యాయంలో 700 మంది ఎడమచేతి వడిసెలగాళ్లున్నారు, గురి వెంట్రుకవాసి కూడా తప్పదు. మీవాడు రేపు పలక మీద ఎడమచేత్తో దిద్దితే ఎవరినీ చెయ్యెత్తనివ్వకు.

మన తెలుగుకూ ఆ పేరుతో రుణముంది. బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మిషనరీ మద్రాసులో తెలుగు నేర్చుకుని 1728లో వ్యాకరణం రాశాడు. తెలుగులో తొలి అచ్చు పుస్తకాలుగా చెప్పుకునేవి ఆయనవే, 1746లో జర్మనీలోని హాలేలో అచ్చయ్యాయి.

ఇక రాతపని. బెన్యామీనా, బెంజమినా, ఇప్పుడే తేల్చుకో. హీబ్రూ పలుకులో 'జ' లేదు, 'య' ఉంది. మన బైబిలు దాన్ని అలాగే పట్టుకుంది కాబట్టి నేనైతే బెన్యామీనే అంటాను. ఏది రాయించినా చర్చి రిజిస్టరులో, బర్త్ సర్టిఫికెట్‌లో, ఆధార్‌లో అదే ఉండాలి. చర్చిలో నేను సమూయేలు, బడిలో శామ్యూల్. ఇద్దరూ ఒకడేనని రుజువు చేయడానికి పెన్షన్ వేళ అఫిడవిట్లు పట్టుకుని ఏడాదిన్నర తిరిగాను. స్పెల్లింగు నోటితో చెప్పకు, పెద్దక్షరాల్లో కాగితం మీద రాసివ్వు. వాళ్లు టైపు చేశాక అక్షరం అక్షరం చూసుకునే సంతకం పెట్టు.

వాడు పెద్దయ్యాక అమ్మాయి పడ్డ కష్టం దాచకుండా చెప్పు. పేరు మార్చిన యాకోబే రాహేలు సమాధి మీద స్తంభం నిలిపాడు.

అమ్మాయి లేచి తిరిగాక బాప్తిస్మం పెట్టుకోండి. నేనూ మీ అత్తయ్యా ముందురోజే వస్తాం.

నీ పెద్ద మామయ్య