మోరీలోంచి నల్లా పైపు వేయొచ్చా?

ప్రశ్న: హన్మకొండలో మా కొత్త ఇంటికి నల్లా పైపు మోరీ దాటి రావాలి. ప్లంబర్ మోరీలోంచే లాగుతానంటున్నాడు. సరేననాలా?

జవాబు: వద్దమ్మా, ఒప్పుకోకండి. మన దగ్గర నల్లా రోజంతా రాదు కదా. నీళ్లు ఆగాక ఖాళీ అయిన పైపు బయటి తడిని లోపలికి పీల్చుకుంటుంది. జాయింట్ కాస్త వదులైనా మోరీ నీళ్లు చేరతాయి. మోటారు నేరుగా లైనుకే బిగిస్తే ఇంకా ప్రమాదం. మా వీధిలో ఇలాగే పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఆ టెన్షన్ నేనింకా మరచిపోలేదు.

పైపును మోరీ పైనుంచి, మధ్యలో జాయింట్ లేకుండా, ఇనుప గొట్టంలో దూర్చి తెప్పించండి. తవ్విన చోట రాళ్లుంటే అడుగున ఇసుక పోయించాలి. నీళ్లు వదిలి, జాయింట్లన్నీ పొడిగా ఉన్నాయని మీ కళ్లతో చూశాకే మట్టి కప్పనివ్వండి. మొదటి నీళ్లు కాసేపు పారబోయండి.