గ్రాట్స్‌లో పెద్ద ముల్లే గంటల ముల్లు

మే నెల వచ్చిందంటే నాకు ఒకే రకం ఫోన్లు. "అన్నా, అమ్మానాన్న వస్తున్నారు. వియన్నా, సాల్జ్‌బర్గ్ టికెట్లు చేసేశాం. మన గ్రాట్స్ ఒక పూటలో అయిపోతుంది కదా?" అడిగేది ఇక్కడే చదువుకుంటూ, ఏడాదిగా ట్రాములో అటూ ఇటూ తిరుగుతూ, కొండ మీదికి ఒక్కసారి కూడా ఎక్కని పిల్లలు. అవ్వదమ్మా, రెండు రోజులు పెట్టుకోండి అంటాను. ఎందుకో ఫోన్‌లో చెప్తే తెగదు కాబట్టి ఇదిగో, రాసేస్తున్నా.

ముందు పేరు. పాస్‌పోర్ట్ ఆఫీసులో ఎలా చదివినా సరే, ఇక్కడ పలికేది గ్రాట్స్ అని. చిన్న కోట అని అర్థమొచ్చే స్లావ్ మాట నుంచి వచ్చిన పేరు. ష్టయర్‌మార్క్ రాష్ట్రానికి రాజధాని, వియన్నా తర్వాత ఆస్ట్రియాలో పెద్ద ఊరు ఇదే. పెద్ద ఊరంటే మూడు లక్షల మంది. మన దగ్గరైతే ఓ మోస్తరు జిల్లా కేంద్రం. ఆ కొలతే దీని అందం. పాత ఊరంతా నడకలో అయిపోతుంది, అలసిపోతే హావుప్ట్‌ప్లాట్స్ అనే ప్రధాన కూడలి నుంచి యాకోమినిప్లాట్స్ దాకా ట్రామ్ ఉంది.

ఇప్పుడు కొండ సంగతి. ఊరి నడిమధ్యలో ష్లోస్‌బెర్గ్, దాని మీద గడియారం బురుజు. నేను దిగిన మొదటి రోజు మధ్యాహ్నం రెండున్నరకి తాళాలిస్తానని ఇంటి ఓనరమ్మ చెప్పింది. ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది. పెట్టెలు పక్కన పెట్టుకుని హావుప్ట్‌ప్లాట్స్‌లో నిలబడి తలెత్తి చూశాను. చిన్న ముల్లు పన్నెండు మీద, పెద్ద ముల్లు మూడు మీద. పన్నెండుంపావు, ఇంకా బోలెడు టైముందిలే అని ఒక బన్ను కొనుక్కుని మెట్ల మీద కూర్చుని తీరిగ్గా తిన్నాను. నిజానికి అప్పుడు సరిగ్గా మూడు. ఆ గడియారంలో పెద్ద ముల్లు గంటలు చూపిస్తుంది, చిన్నది నిమిషాలు! మొదట దానికి ఒకటే ముల్లు ఉండేది. దూరాన ఉన్నవాళ్లకీ గంట తెలియాలని బారుగా పెట్టారు. నిమిషాల ముల్లు తర్వాతెప్పుడో చిన్నది తగిలించారు. ఓనరమ్మ నన్ను గుమ్మంలో ఒక చూపు చూసి, తన చేతి గడియారం నా ముఖం ముందు పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది.

మీవాళ్లని పైకి తీసుకెళ్లి ముందు ఈ గడియారం చదవమనండి. ఇంజినీరింగ్ చదివిన మా నాన్నే రెండుసార్లు తప్పారు. 260 రాతి మెట్లున్నాయి, మొదటి ప్రపంచ యుద్ధంలో యుద్ధఖైదీల చేత చెక్కించినవి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి మెట్లు వద్దు. 1894 నుంచి తిరుగుతున్న చిన్న రైలు ఉంది, మామూలు ట్రామ్ టికెట్టే దానికీ చెల్లుతుంది. రైల్లో ఎక్కండి, చెట్ల నీడలో మెల్లగా దిగండి.

పైన ఇంత కొండకి కోట ఏదీ, అని అడుగుతారు. 1809లో నెపోలియన్ సేనలు చుట్టుముట్టాయి. మేజర్ హాకర్ అనే ఆయన కొద్దిమంది సైనికులతో కోటని చేజిక్కనివ్వలేదు. కానీ ఆస్ట్రియా చక్రవర్తి ఓడిపోయి సంధి చేసుకున్నాడు, ఆ సంధి షరతుల్లో ఈ కోటని పేల్చెయ్యాలని రాశారు. యుద్ధంలో ఓడని కోట కాగితం మీద పోయింది. అప్పుడు ఊరివాళ్లు చందాలు వేసుకుని, ఫ్రెంచివాళ్లకి డబ్బు కట్టి, గడియారం బురుజునీ గంట బురుజునీ విడిపించుకున్నారు. ఊళ్లో గుడి బాగు చేయించడానికి ఇంటింటికీ తిరిగి చందా రాయించే మనకి ఈ కథ వేరే చెప్పక్కర్లేదు. మా అమ్మ వెంటనే "ఎంత పోగయిందిట?" అంది.

కోట అక్కడ ఎందుకు కట్టారో తెలియాలంటే దిగి హెరెన్‌గాస్సేలో ఉన్న ఆయుధాగారానికి వెళ్లాలి. 1640ల్లో కట్టిన ఇల్లు, నాలుగంతస్తుల చెక్క నేల, దాదాపు 32,000 ఆయుధాలు, కవచాలు. తుర్కులు దండెత్తి వచ్చే దారిలో ఈ రాష్ట్రమే సరిహద్దు. కబురందగానే జనానికి పంచడానికి ఇక్కడ నిల్వ ఉంచారు. అందుకే ఇవి రాజుగారి నగిషీ కత్తులు కావు, వరసలు వరసలుగా ఒకే రకం ఈటెలు, ఒకే రకం ఇనప టోపీలు, రేషన్ గోడౌన్ లాగా. పద్దెనిమిదో శతాబ్దంలో మరియా తెరీజా మహారాణి ఇక అక్కర్లేదు తీసేయమంటే, మా పూర్వీకుల గుర్తుగా ఉండనివ్వండని స్థానిక పెద్దలు బతిమాలుకున్నారు. ఈ ఊరు అంతే, పాతదాన్ని ఒక పట్టాన వదలదు. సోమవారం వెళ్లకండి, మూసి ఉంటుంది.

పక్కనే రాష్ట్ర శాసనసభ భవనం లాండ్‌హౌస్, దాని లోపలి ముంగిలి ఇటలీవాళ్ల పనితనం, చూసి వచ్చేయండి. బుర్గ్ అనే పాత రాజనివాసంలో 1499 నాటి రాతి మెట్లు మాత్రం వదలొద్దు. రెండు మెలికల మెట్లు విడిపోతాయి, ప్రతి అంతస్తులో కలుస్తాయి, మళ్లీ విడిపోతాయి. రాజీ మెట్లు అంటారు. అమ్మానాన్న పొద్దున్నే దేనికో మాటలు మానేసి ఉంటే చెరోవైపు నుంచి ఎక్కించండి.

మనవాళ్లకి నచ్చే కథ కెప్లర్‌ది. గ్రహాల కక్ష్యల కెప్లరే. 1594లో ఇరవై రెండేళ్ల కుర్రాడిగా ఈ ఊరి ప్రొటెస్టెంట్ బడిలో లెక్కల పంతులుగా చేరాడు. ఉద్యోగంలో భాగంగా ఏటేటా పంచాంగం రాయాలి! వాన ఎప్పుడు, చలి ఎంత, యుద్ధాలున్నాయా, అన్నీ. 1595 పంచాంగంలో చలి చంపేస్తుందనీ, తుర్కులు వచ్చి పడతారనీ రాశాడు, రెండూ జరిగాయి. దాంతో ఊళ్లో పేరు మోగిపోయింది. ఆయనకి మాత్రం అది గిట్టేది కాదు, కడుపు నింపే పని అనుకునేవాడు. 1596లో వచ్చిన ఆయన తొలి గ్రంథం రాసింది ఇక్కడే. 1600లో మతం మారకపోతే ఊరు విడవాలన్నారు. విడిచి ప్రాగ్ వెళ్లిపోయాడు. ఇక్కడి టెక్నికల్ యూనివర్సిటీలో చదువుతున్న పిల్లలకి ఇంకో ముక్క: నికోలా టెస్లా 1875లో చేరింది మీ కాలేజీలోనే. డిగ్రీ పూర్తి చెయ్యలేదు. బ్యాక్‌లాగ్‌లున్నవాళ్లు ఇంట్లో వాడుకోవచ్చు.

రెండో రోజు పూర్తిగా ఎగ్గెన్‌బెర్గ్ భవనానికి ఇవ్వండి, ట్రాములో వెళ్లొచ్చు. 1625లో మొదలుపెట్టిన ఈ రాజభవనం మొత్తం ఒక పంచాంగం. 365 కిటికీలు. అంతస్తుకి 31 గదులు. అలంకార గదులు 24, రోజులో గంటల లెక్క. ఆ గదులకి కిటికీలు 52, ఏడాదిలో వారాలు. మధ్యలో గ్రహాల మందిరం, దాని పైకప్పంతా గ్రహదేవతల బొమ్మలు. పెళ్లి ముహూర్తానికి తారాబలం చూసే ఇంటి నుంచి వచ్చిన మనకి, కట్టించిన పెద్దమనిషి లెక్క చప్పున ఎక్కుతుంది. యుద్ధాలతో లోకం అతలాకుతలంగా ఉన్న రోజుల్లో కనీసం తన ఇంట్లోనైనా గ్రహాలు, వారాలు, గంటలు వరసలో ఉండాలనుకున్నట్టుంది. అలంకార గదుల్లోకి గైడుతో కలిసి మాత్రమే పంపిస్తారు, చలికాలంలో మూసేస్తారు. తోటలో నెమళ్లు తిరుగుతుంటాయి. మా అమ్మ రెండు ఈకలు ఏరి సంచిలో పెట్టుకుంది, నేను చూడనట్టే ఊరుకున్నాను.

కొత్తదనం కావాలంటే మూర్ నది అవతల ఒడ్డున కున్‌స్ట్‌హౌస్ అనే ఆర్ట్ మ్యూజియం ఉంది. గ్రాట్స్ యూరప్ సాంస్కృతిక రాజధాని అయిన 2003లో కట్టారు. నీలంగా, ఉబ్బుగా, నెత్తిన గొట్టాలతో ఉంటుంది. ఊరివాళ్లు 'స్నేహపూర్వక గ్రహాంతరవాసి' అంటారు. మా నాన్న వంతెన మీద నిలబడి, "చెరువులో పడుకున్న గేదెరా" అన్నారు. నాకిప్పుడు అలాగే కనిపిస్తుంది.

తిండి గురించి జాగ్రత్తగా చదవండి. ఈ రాష్ట్రం ప్రాణం గుమ్మడి గింజల నూనె, క్యూర్బిస్‌కెర్న్‌యోల్. వేయించిన గింజల్ని గానుగ పడితే వచ్చే ముదురాకుపచ్చ నూనె, సీసాలో నల్లగా కనిపిస్తుంది. లీటరుకి రెండున్నర నుంచి మూడు కిలోల గింజలు పడతాయి కాబట్టి ధర చూసి ఉలిక్కిపడకండి. పొద్దున్నే కైజర్‌యోసెఫ్‌ప్లాట్స్ సంతకి వెళ్తే రైతులే అమ్ముతారు, రుచి చూసి కొనుక్కోవచ్చు. దీన్ని పొయ్యి మీద పెట్టకూడదు, పచ్చిగానే చల్లుకోవాలి. ఆ ముక్క నేను చెప్పేలోపే మా అమ్మ పోపు పెట్టేసింది, చేదెక్కి పప్పంతా పారబోశాం. మర్నాడు ఆవిడే దారి కనిపెట్టింది: వేడన్నం, కందిపొడి, నెయ్యికి బదులు ఒక చెంచా ఈ నూనె. ఇప్పుడు మా ఇంట్లో అదే ఆనవాయితీ. బట్టల మీద పడితే కంగారొద్దు, ఉతికి ఎండలో ఆరేయండి, పచ్చ మరక ఎండకి పోతుంది. పెద్ద పెద్ద ఊదారంగు చిక్కుడు గింజల్లో ఉల్లిపాయ, ఈ నూనె కలిపి ఇచ్చే కేఫర్‌బోనెన్ సలాడ్ శాకాహారులకి నిశ్చింత. ఫ్రిట్టాటెన్ సూప్ నిశ్చింత కాదు. గిన్నెలో కనిపించేది అట్టు ముక్కలే, ఆ చారు మాత్రం గొడ్డు మాంసం ఉడికించిన నీళ్లు. "ఓనె ఫ్లైష్" (మాంసం లేకుండా) అని ఒక్క మాట అంటే సరిపోదు, స్పెక్, షింకెన్ (రెండూ పంది మాంసమే) కూడా వద్దని విడిగా చెప్పండి. చారు దేనితో చేశారో అడగండి.

కాఫీ హోటల్లో ఒక మెలాంజ్ తెప్పించుకుని రెండు గంటలు కూర్చున్నా లేవమనరు. బిల్లు కూడా తేరు. పట్టించుకోవట్లేదని మా బంధువొకాయన అలిగాడు. అడక్కుండా బిల్లు పెట్టడమే ఇక్కడ అమర్యాద. "త్సాలెన్, బిట్టె" అంటే వస్తారు. టిప్పు బల్ల మీద వదలరు, బిల్లు కాస్త పైకి సరిచేసి ఎంత తీసుకోమంటున్నారో నోటితో చెప్పాలి. కొట్లోకి అడుగు పెడుతూనే "గ్రూస్ గాట్" అనండి. అనకపోతే ఎవరూ ఏమీ అనరు కానీ, అంటే మాత్రం ముఖాలు విచ్చుకుంటాయి.

కొత్తవాళ్లు దెబ్బతినేది మాత్రం వారం చివర్లోనే. శనివారం సాయంత్రం ఆరయ్యేసరికి కొట్లు మూసేస్తారు, మళ్లీ సోమవారమే. పాలు, కూరగాయలు ముందే తెచ్చుకోండి. మరీ అవసరమైతే పెద్ద రైల్వే స్టేషన్‌లో ఉన్న సూపర్‌మార్కెట్‌కి పరుగెత్తాలి. ఇడ్లీ పిండి శనివారం పగలే రుబ్బేసుకోండి. ఆదివారం, రాత్రి పది దాటాక గ్రైండర్ మోగితే పక్కింటివాళ్లు తలుపు కొడతారు.

కాగితాల పని ఒకటుంది. అమ్మానాన్న హోటల్లో దిగితే నమోదు హోటల్‌వాళ్లే చూసుకుంటారు. మీ ఇంట్లో మూడు రోజులకి మించి ఉండేట్టయితే, దిగిన మూడు రోజుల్లోపు మెల్డెత్సెట్టెల్, అంటే నివాస నమోదు, చేయించాల్సింది మీరే. ఇంటి యజమాని సంతకం కావాలి కాబట్టి ముందే అడిగి ఉంచండి. ఇన్సూరెన్స్ కాగితం ప్రింట్ వాళ్ల చేతిసంచిలో పెట్టండి, అంబులెన్స్‌కి 144.

వియన్నా నుంచి రైల్లో రెండున్నర గంటల పైన పడుతుంది. బస్సు వద్దు, రైలే ఎక్కించండి. సెమ్మెరింగ్ కనుమ దాటే ఆ లైను 1854లో గేగా అనే ఇంజినీరు వేసింది, రాతి వంతెనల మీద మెలికలు తిరుగుతూ పోతుంది. కింద నుంచి పెద్ద సొరంగం పని నడుస్తోంది, అది తెరిస్తే రైళ్లు చీకట్లో దూసుకుపోతాయి. ఇప్పుడొచ్చినవాళ్లది అదృష్టం.

కొండ మీద గంట బురుజు ఉందన్నాను కదా. అందులో లీజల్ అని పిలుచుకునే గంట, 1587 నాటిది. పొద్దున ఏడుకి, మధ్యాహ్నం పన్నెండుకి, సాయంత్రం ఏడుకి 101 సార్లు మోగుతుంది. తుర్కుల 101 ఫిరంగి గుళ్లు కరిగించి పోశారని జనం చెప్పుకుంటారు. మా అమ్మ నమ్మలేదు. మధ్యాహ్నం బెంచీ మీద కూర్చుని, జపం చేసినట్టు వేళ్ల కణుపులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. తొంభై దాటాక నాన్న "నీళ్ల సీసా ఎక్కడుందే" అన్నారు, లెక్క పోయింది. ఆయనతో ఇంక మాట్లాడలేదు. దిగుదామంటే వినలేదు, సాయంత్రం ఏడు దాకా అక్కడే కూర్చున్నాం.