మడతచాకు: తాతలనాటి తీరా, ఈనాటి తీరా?

ప్రశ్న: మా తాతగారి మడతచాకు ఒకటి ఇంట్లో ఉంది. కొమ్ము పిడి, రెండు బ్లేడ్లు. ఈమధ్య నేను ఎముక పిడి ఉన్న కొత్త చాకు కొన్నాను. దీనికి బొటనవేలితో తోసే బొడిపె, లోపల లాక్, జేబుకు తగిలించే క్లిప్పు ఉన్నాయి. అమ్మినాయన ఇదీ పాతకాలం తీరుదే అంటున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: కాదండీ. ఎముక పిడి పైపూత లాంటిది. చాకు తీరు తెలియాలంటే దాన్ని తెరిచి చూడాలి.

తాతగారి చాకు బ్లేడు మీద, వీపుకు దగ్గరగా గోరు పట్టేంత గాడి ఉంటుంది. ఒక చేత్తో పిడి పట్టుకుని, రెండో చేతి గోరుతో బ్లేడును లాగాలి. సగం దాటాక టక్కుమని దానంతటదే తెరుచుకుంటుంది. ఆ చప్పుడు పిడి వీపున ఉన్న ఉక్కు స్ప్రింగుది. బ్లేడు మొదట్లో, పిడి లోపల ఇరుసు చుట్టూ తిరిగే ముక్కను టాంగ్ అంటారు. దానికి చదునైన ముఖాలు ఉంటాయి. తెరిచినప్పుడు ఒక ముఖం మీద, మూసినప్పుడు ఇంకో ముఖం మీద స్ప్రింగు కొస కూర్చుంటుంది. తిరిగేటప్పుడు టాంగ్ మూల స్ప్రింగును పైకి ఎత్తుతుంది, చేతికి తగిలే బిగువు అదే. కొన్ని చాకులు 90 డిగ్రీల దగ్గర ఒకసారి ఆగుతాయి. అది లోపం కాదు. మూసేటప్పుడు వేళ్లు తెగకుండా కావాలనే అలా చేస్తారు.

ఈ స్ప్రింగు బ్లేడును నిలుపుతుందే గానీ బంధించదు. అందుకే ఇలాంటి చాకుతో కోయాలి, చెక్కాలి. మొనతో పొడిచి తొలవకూడదు. మొన ఇరుక్కుని బ్లేడు వెనక్కి మడుచుకుందంటే వేళ్ల మీదికే వస్తుంది.

మీ కొత్త చాకు వేరే ఆలోచనలోంచి పుట్టింది. 1981లో స్పైడెర్కో కంపెనీ ‘వర్కర్’ అనే చాకు తెచ్చింది. బొటనవేలితో తెరవడానికి బ్లేడులో గుండ్రటి రంధ్రం, జేబు అంచుకు క్లిప్పు దాని గుర్తులు. ఒంటి చేత్తో తీయడం, తెరవడం, మూయడం అనే పద్ధతి ఆ తర్వాత గట్టిగా పాతుకుపోయింది. మీ చాకు ఆ కుటుంబంలోది.

ఎప్పుడు తయారైందన్నది లెక్కలోకి రాదు. అమెరికాలోని బ్రాడ్‌ఫర్డ్‌లో కేస్ కంపెనీ నేటికీ గోరు గాడి, వీపు స్ప్రింగు ఉన్న చాకులు చేస్తోంది. అవి సంప్రదాయ చాకులే. లాక్ ఒక్కటే చూసి తేల్చడమూ కుదరదు. 1964లో వచ్చిన ‘బక్ 110’ అనే మడతచాకుకు వీపు భాగంలోనే లాక్ ఉంది. అయినా ఇత్తడి, చెక్క పిడి, గోరు గాడి, రెండు చేతుల పని చూసి నేనైతే దాన్ని పాత వరసలోనే కూర్చోబెడతాను.

తాతగారి చాకును వాడే ముందు రెండు చూడండి. తెరిచి బ్లేడును పక్కలకు మెల్లగా కదపండి. ఊగితే ఇరుసు రివెట్ అరిగింది. తర్వాత మూసి, వాదర లోపల స్ప్రింగుకు తగులుతోందేమో వెలుతురులో చూడండి. టాంగ్ కింద చిన్న పొడుచుకు వచ్చిన భాగం వాదరను స్ప్రింగుకు తగలకుండా ఆపుతుంది. అది అరిగితే మూసిన ప్రతిసారీ వాదర ఒకేచోట నొక్కుకుపోతుంది, ఎంత సానబట్టినా అక్కడ పదును నిలవదు. ఇరుసులో కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు చాలు. వంటనూనె వద్దు, కొన్నాళ్లకు జిగురుకట్టి బ్లేడు కదలదు.

ప్రశ్న: ఫ్రాన్స్ నుంచి బంధువులు తెచ్చిన ఓపినెల్ 8వ నంబరు చాకు వానాకాలంలో అసలు తెరుచుకోవడం లేదు. నిమ్మకాయ కోస్తే బ్లేడు నల్లబడింది. చెడిపోయిందా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: చెడిపోలేదు. 1890లో సవోయ్ ప్రాంతంలో జోసెఫ్ ఓపినెల్ చేసిన ఈ చాకుకు వీపు స్ప్రింగు లేదు. కర్ర పిడి బిగువే బ్లేడును పట్టి ఉంచుతుంది. బ్లేడు కదలకుండా తిప్పి బిగించే రింగు 1955లో చేరింది. తేమకు కర్ర ఉబ్బి, 8.5 సెం.మీ. బ్లేడును గట్టిగా పట్టేస్తుంది. రింగు వదులు చేసి, పిడి వెనక కొసను బల్ల మీద తట్టండి, బ్లేడు కాస్త బయటికి వస్తుంది. నీడలో రెండు మూడు రోజులు ఆరనివ్వండి. ఎండలో పెడితే కర్ర పగులుతుంది. అప్పటికీ బిగుతుగా ఉంటే, బ్లేడు మడిచే పిడి గాడి లోపల, బ్లేడు రాసుకున్న గుర్తు ఉన్నచోట మాత్రమే సన్న గరుకు కాగితంతో రుద్దండి. ఎక్కువ రుద్దితే వేసవిలో వదులై వేలాడుతుంది.

నలుపు తుప్పు కాదు. కార్బన్ ఉక్కుకు పులుపు తగిలితే వచ్చే పొర అది, ఉండనివ్వండి. ఎర్రగా పొడి రాలితే మాత్రం తుప్పే. కోసిన వెంటనే తుడిచి, పొడిగా ఉంచండి. పిడిని నీళ్లలో నానబెట్టకండి.

ప్రశ్న: ఇలాంటి చాకు జేబులో పెట్టుకుంటే నేరమా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఆయుధాల నిబంధనల్లో బ్లేడు 9 అంగుళాలకు మించి పొడవు, లేదా 2 అంగుళాలకు మించి వెడల్పు ఉన్న కత్తులు ఆయుధాల జాబితాలో ఉన్నాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవాటికి మినహాయింపు ఉంది. పైన చెప్పిన జేబు చాకులు ఆ కొలతకు చాలా తక్కువ. అయితే సభలకు, కోర్టుకు వెళ్లేటప్పుడు ఇంట్లో వదిలి వెళ్లండి. విమానంలో చేతిసంచిలో ఒప్పుకోరు, చెక్-ఇన్ సామానులో పెట్టండి.