ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోపీ: వీడియోలు చాలా, కోర్సుకు వెళ్లాలా?

శాంపిల్‌లోని డైలను (వెలుగునిచ్చే రంగుల్ని) లేజర్‌తో వెలిగించి చూపే కాన్ఫోకల్ మైక్రోస్కోప్ వాడటం వీడియోలు చూసి నేర్చుకోవచ్చు కదా, పనిగట్టుకుని కోర్సుకు వెళ్లడం దేనికని చాలామంది పరిశోధక విద్యార్థులు అడుగుతుంటారు. ఏ బటన్ ఎక్కడుందో వీడియో చెబుతుంది. బొమ్మ ఎందుకు చెడిందో పట్టుకోవడం మాత్రం మైక్రోస్కోప్ ముందు కూర్చుంటేనే వస్తుంది.

రెండు ప్రొటీన్లకు రెండు రంగుల డైలు అంటించాక కణంలో ఆకుపచ్చ, ఎరుపు ఒకేచోట కనిపిస్తే రెండు ప్రొటీన్లూ అక్కడే ఉన్నాయని సంబరపడిపోతాం. ఆకుపచ్చ డై వెలుగే ఎరుపు చానల్‌లోకి (ఎరుపు వెలుగును పట్టే దారిలోకి) కారుతుండొచ్చు! ఆకుపచ్చ డై ఒక్కటే వేసిన శాంపిల్‌ను అవే సెట్టింగులతో ఎరుపు చానల్‌లో చూడండి, సంగతి తేలిపోతుంది. లేజర్ పెంచితే డై వెలిసిపోవడం, 0.17 మి.మీ. కవర్‌స్లిప్‌కు (శాంపిల్‌ను కప్పే పల్చటి గాజుపలకకు) తగ్గట్టు చేసిన ఆబ్జెక్టివ్ (శాంపిల్‌కు దగ్గరుండే లెన్సు) కింద వేరే మందం గాజు పెడితే బొమ్మ మసకబారడం కూడా చేసి చూస్తేనే ఒంటబడతాయి.

మామూలు ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోప్ సుమారు 200 నానోమీటర్లకన్నా దగ్గరున్న రెండు చుక్కల్ని విడదీయలేదు. ఆ హద్దు దాటిన పద్ధతులకు 2014లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. వాటిలో శాంపిల్ తయారీయే పెద్ద తలనొప్పి. జర్మనీలో హైడెల్‌బర్గ్‌లోని ఈఎంబీఎల్ (యూరప్ దేశాల జీవశాస్త్ర పరిశోధన సంస్థ), అమెరికాలో వుడ్స్ హోల్‌లోని మెరైన్ బయలాజికల్ లాబొరేటరీ ఇలాంటి ప్రాక్టికల్ కోర్సులకు పేరున్న చోట్లు. ఎక్కడ చేరినా ఒక్కో మైక్రోస్కోప్‌కు ఎంతమంది ఉంటారు, సొంత శాంపిల్ తెచ్చుకోనిస్తారా అని ముందే అడగండి.