మిద్దె తోట పనికి నడుం పట్టేస్తోందంటే ముందు కుండీల బరువు చూడండి

మిద్దె తోట మొదలుపెట్టి రెండు నెలలైందనీ, ఆదివారం పని చేస్తే సోమవారం నడుం లేవట్లేదనీ, తోట మానేయాలా అనీ అడిగారు. మానక్కర్లేదండీ. నేనూ ఆ గండం దాటినవాణ్ణే.

నాకు నడుం పట్టింది తవ్వుతుంటే కాదు. నిమ్మమొక్క ఉన్న పెయింటు బకెట్‌ను ఎండలో పెడదామని వంగి ఎత్తి, ఎత్తినవాణ్ణి అలాగే పక్కకి తిరిగాను. కలుక్కుమంది. పది రోజులు మంచం దిగలేదు. 20 లీటర్ల బకెట్ నిండా తడిమట్టి ఉంటే పాతిక కిలోలు దాటుతుంది. అంత బియ్యం బస్తాకైతే ఇంకొకరిని పిలుస్తాం, కుండీయే కదా అని దీన్ని మాత్రం ఒక్కళ్ళమే లేపేస్తాం! వంగి బరువెత్తుతూ నడుం మెలితిప్పితే డిస్కులకి (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండ్లలాంటివి) అంతకంటే చేటు లేదు.

ఇప్పుడు పెద్ద కుండీలన్నీ చక్రాల స్టాండ్ల మీదున్నాయి. స్టాండు లేనివాటిని గోనెపట్టా మీదికి ఒరిగించి లాగుతాను, అదీ నీళ్ళు పోయకముందే. ఎత్తక తప్పకపోతే మోకాళ్ళు వంచి, కుండీని పొట్టకి ఆనించుకుని లేస్తాను. తిరగాలంటే అడుగులు వేసి తిరగడమే. బకెట్లతో నీళ్ళు మోయడం మానేసి పైపు వేయించాను.

ఇంకోటి, నిద్ర లేస్తూనే కలుపు తీయడానికి కూర్చోకండి. రాత్రంతా పడుకున్నాక డిస్కులు నీరు పట్టి ఉబ్బి ఉంటాయి, అప్పుడు వంగితే వాటిమీద ఒత్తిడి ఎక్కువ. పొద్దున పైపుతో తడపడం, నిలబడి బెండకాయలు కోయడం. వంగే పనులు సాయంత్రానికి.

ఆకుకూరల తొట్లను సిమెంటు ఇటుకల మీద నడుమెత్తుకి లేపాను (శ్లాబు మధ్యలో కాదు, పిట్టగోడ వెంబడి, కింద దూలం ఉన్నచోట). కింద ఉన్నవాటికి ముక్కాలిపీట. ఇరవై నిమిషాలకోసారి లేచి, నడుం మీద చేతులు పెట్టుకుని నెమ్మదిగా వెనక్కి వాలుతాను. మా అత్తగారికి ఇదంతా నవ్వులాట. "మేం రోజంతా వంగి నాట్లేశాం" అంటారు. నిజమే, ఇప్పుడు గోడ పట్టుకోకుండా లేవలేరన్నది మాత్రం చెప్పరు.

మీది పట్టేయడం వరకే అయితే ఇవి చాలు. నొప్పి పిర్రలోంచి కాలిలోకి దిగుతున్నా, తిమ్మిరెక్కుతున్నా డాక్టరుకు చూపించండి. పాదం పైకి లేవకపోయినా, మూత్రం మీద పట్టు తప్పినా మాత్రం తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి.