గర్భిణి నొప్పిని సిబ్బంది నమ్మకపోతే డౌలా ఏం చేయాలి?

ప్రశ్న: ఇంగ్లండ్‌లో డౌలాగా, అంటే వైద్యం చేయకుండా కాన్పులో తోడుండే సహాయకురాలిగా, కొత్తగా చేరాను. ఇంగ్లిష్ రాని ఒక శరణార్థి గర్భిణికి కాన్పులో తోడుండాలి. సిబ్బంది చులకనగా చూస్తే నేనేం చేయగలను?

జవాబు: ముందు భాష సంగతి తేల్చండి. ఆమె భాష, యాస అడిగి తెలుసుకుని, మహిళా దుబాసీ కావాలని మిడ్‌వైఫ్ (కాన్పు చేసే నర్సు) చేత ఆమె వైద్య నోట్సులో రాయించండి. భర్తనో పిల్లలనో దుబాసీగా పెట్టనివ్వకండి. హింస గురించీ, ఆచారం పేరుతో ఆడపిల్లలకు చేసే జననాంగ కోత గురించీ వాళ్ల ముందు ఆమె నోరు విప్పలేదు. మీకు ఆ భాష వచ్చినా సమ్మతి పత్రం మీరు అనువదించకండి. రాత్రిపూట ఫోన్ దుబాసీని ఎలా పిలుస్తారో ముందే కనుక్కోండి.

వివక్ష తరచూ నొప్పిని నమ్మకపోవడంలోనే బయటపడుతుంది. అరిచి గొడవపడితే నష్టపోయేది ఆమే. "మందు ఇవ్వకపోతే కారణం, సమయం నోట్సులో రాయండి" అని నెమ్మదిగా, గట్టిగా అడగండి. ఆమె బదులు నిర్ణయాలు మాత్రం మీరు చెప్పొద్దు. నల్లని చర్మంపై పాలిపోవడం, నీలిరంగు తేలిగ్గా కనబడవు. చిగుళ్లు, కనురెప్పల లోపలి భాగం చూడమనండి. పల్స్ ఆక్సీమీటర్ కూడా అలాంటి చర్మంపై ఆక్సిజన్‌ను ఎక్కువగా చూపించవచ్చు.

జరిగింది వెంటనే రాసుకోండి: టైం, అన్న మాటలు ఉన్నవున్నట్టు, అక్కడున్నవాళ్లు. ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ వైద్య సేవ) మీద ఫిర్యాదుకు సాధారణంగా 12 నెలల గడువుంది. ఆమె ఒప్పుకుంటేనే పెట్టండి.

బిల్లు భయంతో ఆసుపత్రికే రానివాళ్లుంటారు, అది చాలా ప్రమాదం. ఆశ్రయం దరఖాస్తు నడుస్తుంటే ప్రసూతి వైద్యం ఉచితం. తిరస్కరించాక బిల్లు పడవచ్చు గానీ, డబ్బు కట్టలేదని కాన్పు వైద్యం ఆపడానికి వీల్లేదు.