దంపతుల చిత్ర, శిల్ప ప్రదర్శన: ఒప్పందం ఒక్కరి పేరున ఉంటే సరిపోతుందా?

ప్రశ్న: నేను చిత్రకారిణిని, మా వారు శిల్పి. హైదరాబాదులోని ఒక ప్రైవేటు గ్యాలరీలో ఇద్దరి పనులనూ కలిపి మొదటిసారి ప్రదర్శించబోతున్నాం. గ్యాలరీవారు పంపిన ఒప్పంద పత్రం మా వారి ఒక్కరి పేరునే ఉంది; అమ్మకాల సొమ్ము కూడా ఆయన ఖాతాకే వస్తుంది. కేటలాగులో అన్నింటినీ ‘దంపతుల సంయుక్త సృష్టి’ అని వేస్తామంటున్నారు. నిజానికి 20 పెయింటింగులు నావి, 9 కంచు శిల్పాలు ఆయనవి. మిగిలిన 4 ఫైబర్ శిల్పాలకు ఆయన రూపం ఇవ్వగా, వాటిపై బొమ్మలు నేను వేశాను. భార్యాభర్తలం కదా, ఎవరి పేరున ఉంటేనేమని మా వారంటున్నారు. ఆయన గతంలో ఒక కుటుంబం కోరితే వారి పెద్దాయన బస్ట్ విగ్రహం చేసి ఇచ్చారు. దాని అచ్చు మా దగ్గరే ఉంది. మరో ప్రతి పోసి ప్రదర్శనలో పెట్టవచ్చా? నా పెయింటింగు కొన్న ఒక వ్యాపారి నన్ను అడగకుండా దానిని తన దుకాణం క్యాలెండరుపై అచ్చు వేయించారు. ఏం చేయాలి? – ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: మీ వారి మాట సంసారానికి చెల్లుతుంది గాని చట్టానికి చెల్లదు. పెళ్లి అయినంత మాత్రాన ఒకరి ఆస్తిలో మరొకరికి సగభాగం సంక్రమించే పద్ధతి కొన్ని దేశాల్లో ఉన్నది గాని, మన హిందూ వివాహ, వారసత్వ చట్టాల్లో లేదు. హిందూ స్త్రీ ఆర్జించిన ఆస్తికి ఆమె సంపూర్ణ యజమాని అని 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షను చెబుతుంది. కళాకృతి విషయంలో 1957 నాటి కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం దానిని సృష్టించిన కర్తే తొలి హక్కుదారు. కాన్వాసుకు, రంగులకు డబ్బు ఎవరిచ్చారు, స్టూడియో అద్దె ఎవరు కట్టారు, ‘ఈ మూల కాస్త ఎరుపు వేయి’ అని పక్కన నిలబడి సలహా ఎవరు చెప్పారు అన్నవి కర్తృత్వాన్ని మార్చవు. ఆలోచనకు కాపీరైటు లేదని, ఆ ఆలోచన ధరించిన రూపానికే ఉంటుందని సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో స్పష్టం చేసింది. కాబట్టి 20 పెయింటింగులు మీవే, 9 కంచు శిల్పాలు ఆయనవే. ఇందులో వాదనకు తావు లేదు.

చిక్కంతా ఆ 4 ఫైబర్ శిల్పాల దగ్గర ఉంది. ఇద్దరు కర్తలు కలిసి పనిచేసి, ఒకరి పాలును మరొకరి పాలు నుంచి విడదీయలేని స్థితి ఉంటేనే చట్టం దానిని సంయుక్త కర్తృత్వం గల కృతి అంటుంది. ఆయన శిల్పం పూర్తి చేసి పక్కన పెట్టిన తరువాత, దాని వీపుపైనో పీఠంపైనో మీరు విడిగా నిలబడగల చిత్రాన్ని వేసి ఉంటే, శిల్పం ఆయనది, చిత్రం మీది అనే వాదన బలంగా ఉంటుంది. అలా కాక, మీరు వేయబోయే గీతను బట్టి ఆయన భుజం వంపు మార్చి, ఆ వంపును బట్టి మీరు రంగు మార్చి, ఇద్దరూ మొదటినుంచి ఒకే రూపం కోసం పనిచేసి ఉంటే అది సంయుక్త కృతి అవుతుంది. ఆ నాలుగింటిలో ఏది ఎలా తయారైందో మీ ఇద్దరికీ తెలిసినంతగా ఏ న్యాయమూర్తికీ తెలియదు గనుక, ప్రతి శిల్పానికీ విడివిడిగా ఒక వాక్యం రాసి ఇద్దరూ సంతకాలు చేసి ఉంచండి. పని మధ్యలో తీసిన ఫోటోలు ఫోనులో ఉంటే తేదీలతో సహా భద్రపరచండి. రేపు సాక్ష్యంగా నిలిచేవి అవే.

సంయుక్త కృతి అని తేలితే దాని ఫలితాలు కూడా తెలిసి ఉండాలి. కాపీరైటు ఇద్దరిదీ అవుతుంది. ఒకరి సమ్మతి లేకుండా మరొకరు మూడో వ్యక్తికి పునర్ముద్రణ అనుమతి ఇవ్వడం కుదరదు. హక్కు గడువు సాధారణంగా కర్త మరణించిన తరువాత 60 సంవత్సరాలు; సంయుక్త కృతికి మాత్రం ఇద్దరిలో చివరగా మరణించిన వారి నుంచి ఆ 60 ఏళ్లను లెక్కిస్తారు. విదేశాల్లో ఈ విషయాన్ని శ్రద్ధగా తేల్చుకున్న జంట క్రిస్టో, జాన్ క్లాడ్. భవనాలను, తీరాలను వస్త్రంతో కప్పిన తమ భారీ బహిరంగ కృతులు ఇద్దరివని వారు 1994లో ప్రకటించారు. అంతకుముందు అవి క్రిస్టో పేరుతోనే చెలామణి అయ్యాయి. అయితే వాటికోసం వేసిన డ్రాయింగులను మాత్రం క్రిస్టో ఒక్కరి పేరునే ఉంచారు. మీ దంపతులకూ సరిగ్గా అటువంటి విభజనే కావాలి.

ఈ కారణంగానే కేటలాగులోని ఆ ఒక్క మాటకు నేను గట్టిగా అభ్యంతరం చెబుతున్నాను. కాపీరైటు చట్టం 55వ సెక్షను రెండో ఉపసెక్షను ప్రకారం, కృతి తయారైనప్పుడు దానిపైన గాని, ప్రచురితమైన దాని ప్రతులపైన గాని కర్తగా ఎవరి పేరు కనిపిస్తే, దానికి విరుద్ధంగా రుజువయ్యే వరకు, కోర్టు వారినే కర్తగా భావించాలి. కేటలాగులో మీ పెయింటింగు ఫోటో కింద ఇద్దరి పేర్లు పడితే, ఆ కృతి మీ ఒక్కరిదేనని రుజువు చేసుకునే భారం మీ మీద పడే ప్రమాదం ఉంది. కాన్వాసు మూలన మీ సంతకం ఉంటే అది మీకు అండ. కాని ఒకే కృతికి రెండు పత్రాలు రెండు మాటలు చెప్పే పరిస్థితిని చేతులారా తెచ్చుకోవడం ఎందుకు? ప్రదర్శన శీర్షికలో ఇద్దరి పేర్లు పెద్ద అక్షరాలతో వేసుకోండి; ప్రతి కృతి కింద మాత్రం దాని కర్త పేరే ఉండాలి.

ఇక ఒప్పంద పత్రం. భర్త అయినంత మాత్రాన ఆయన మీకు ఏజెంటు కారు. అయితే ఒప్పందాల చట్టం ప్రకారం ఏజెన్సీ మాటల ద్వారానే కాక నడవడి ద్వారా కూడా ఏర్పడుతుంది. మీ పెయింటింగులను మీరే ప్యాక్ చేసి పంపి, ప్రారంభోత్సవంలో నిలబడి, అమ్మకపు సొమ్మును ఇంట్లో వాడుకున్న తరువాత ‘ఆ సంతకం నాది కాదు’ అంటే, మీరు ఆ ఒప్పందాన్ని ఆమోదించినట్లేనని గ్యాలరీ వాదించగలదు. కాపీరైటు బదిలీకి మాత్రం నియమం కఠినం: హక్కుదారు గాని, ఆమె విధివిధానంగా అధికారం ఇచ్చిన ఏజెంటు గాని రాతపూర్వకంగా సంతకం చేయకపోతే 19వ సెక్షను కింద బదిలీ చెల్లదు. కాబట్టి ఆయన సంతకంతో మీ కృతుల కాపీరైటు గ్యాలరీకి పోదు. అయినా ఆ మాట కోర్టులో నిరూపించుకునే కన్నా ఒప్పందంలో మీరూ ఒక పక్షంగా సంతకం చేయడమే తేలిక. పత్రంలో ఇలా రాయించండి: ‘అనుబంధం–1లోని కృతులకు మొదటి కళాకారిణి, అనుబంధం–2లోని కృతులకు రెండవ కళాకారుడు యజమానులు, అనుబంధం–3లోని కృతులకు ఇద్దరూ సమాన హక్కుదారులు. అమ్మిన ప్రతి కృతి సొమ్మును కమీషను మినహాయించి, ఆ యజమాని బ్యాంకు ఖాతాకు 30 రోజులలోగా జమ చేయవలెను. అమ్ముడుపోని కృతులపై గ్యాలరీకి ఏ విధమైన నిలుపుదల హక్కు ఉండదు.’

ఆఖరి వాక్యం ఊరికే చేర్చింది కాదు. అమ్మకానికి సరుకు తన అధీనంలో ఉంచుకునే కమీషను ఏజెంటుకు, వేరే ఒప్పందం లేకపోతే, తనకు రావలసిన మొత్తం బాకీకి ఆ సరుకును ఆపుకునే హక్కు ఒప్పందాల చట్టం 171వ సెక్షను కింద ఉంటుంది. ఒక్కరి పేరున ఉన్న పత్రంలో మీ వారు కేటలాగు అచ్చు ఖర్చులకు బాకీ పడితే, ఆ బాకీకి మీ పెయింటింగులను ఆపుకునే సందర్భం రావచ్చు. పోత పోసిన కార్ఖానాకు మీ వారు డబ్బు ఇవ్వవలసి ఉంటే, ఆ పని జరిగిన కంచు శిల్పాన్నే ఆపుకునే పరిమిత హక్కు కార్ఖానాకు 170వ సెక్షను కింద ఉంటుంది. ప్రదర్శనకు ముందే ఆ లెక్క తేల్చుకుని రసీదు తీసుకోమనండి.

గ్యాలరీ అధీనంలో ఉన్నంతకాలం ఒక సాధారణ వివేకి తన సొంత వస్తువు పట్ల చూపేపాటి జాగ్రత్తను అది చూపాలి, అంతే. అంతకుమించి పూచీ కావాలంటే ఇన్సూరెన్సు ఎవరు చేయించాలో, మీ ఇంటి గోడ నుంచి దించిన క్షణం నుంచి తిరిగి చేర్చే వరకు అది వర్తిస్తుందో లేదో రాయించాలి. కేటలాగులోను, సామాజిక మాధ్యమాలలోను ఫోటోలు వేసుకోవడం పునరుత్పత్తి కిందకే వస్తుంది గనుక, దానికి అనుమతిని ఈ ప్రదర్శన ప్రచారానికే పరిమితం చేయండి. హక్కులను బదిలీ చేసే పత్రంలో కాలం రాయకపోతే చట్టం దానిని 5 సంవత్సరాలుగా భావిస్తుందన్నది గుర్తుంచుకోదగినది.

మీ కృతిని మూల గోడకు వేలాడదీశారని, ఆయన శిల్పాలను మధ్యలో పెట్టారని రేపు మీకు బాధ కలిగితే, దానికి కాపీరైటు చట్టంలో మందు లేదు. కృతిని ప్రదర్శించకపోవడం గాని, కర్తకు తృప్తి కలిగేలా ప్రదర్శించకపోవడం గాని కర్త ప్రత్యేక హక్కుల ఉల్లంఘన కాదని 57వ సెక్షను వివరణలోనే ఉంది. కావాలనుకుంటే స్థలం పంపిణీని కూడా ఒప్పందంలో రాయించుకోవాలి. అదే కృతిని పాడుచేస్తే వేరు. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లోని అమర్‌నాథ్ సెహగల్ కంచు కుడ్యశిల్పాన్ని 1979లో తొలగించి ముక్కలుగా గోదాములో పడేసినందుకు, ఢిల్లీ హైకోర్టు 2005లో మిగిలిన భాగాలను శిల్పికి తిరిగి ఇవ్వమని, 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించమని కేంద్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. యాజమాన్యం ప్రభుత్వానిదే అయినా, కృతి పాడుకాకుండా చూసుకునే ఆ ప్రత్యేక హక్కు శిల్పి దగ్గరే ఉండిపోయింది.

పన్నుల విషయం క్లుప్తంగా చెబుతాను. వివరాలు మీ ఆడిటరు చూడాలి. ఇద్దరి అమ్మకాలనూ ఒకే ఖాతాలో వేసి లాభం పంచుకుంటూ పోతే, మీరు అనుకోకపోయినా 1932 నాటి భాగస్వామ్య చట్టం కింద మీరిద్దరూ భాగస్వాములన్న వాదన వస్తుంది; అప్పుడు ఒకరి వ్యాపార బాకీకి రెండో వారూ బాధ్యులు. (బర్మా బౌద్ధ దంపతులు కలిసి వ్యాపారం చేసినా భాగస్వాములు కారని ఆ చట్టం 5వ సెక్షనులో ఒక మాట ఉంది, బర్మా మన దేశంతో కలిసి ఉన్న రోజుల అవశేషం అది. తెలుగు దంపతులకు ఆ సదుపాయం లేదు.) బిల్లులు ఎవరివి వారు రాసుకుంటే ఎవరి ఆదాయం వారిది, జీఎస్టీ నమోదు అవసరం లేని అమ్మకాల పరిమితి కూడా ఎవరిది వారిదే. సరుకుల అమ్మకానికి ఆంధ్రప్రదేశ్‌లో ఆ పరిమితి ఏడాదికి 40 లక్షలు ఉండగా తెలంగాణలో 20 లక్షలే. ఇదే ప్రదర్శనను తరువాత బెంగళూరుకో చెన్నైకో తీసుకువెళ్లి అమ్మదలిస్తే, అక్కడ తాత్కాలిక నమోదు అవసరమవుతుందేమో ముందుగా ఆడిటరును అడగండి.

పెద్దాయన బస్ట్ విగ్రహం సంగతి చాలామంది శిల్పులు తప్పుగా అర్థం చేసుకునేది. ప్రతిఫలం తీసుకుని ఒకరి కోరికపై ఫోటో తీసినా, పెయింటింగు గాని రూపచిత్రం గాని గీసినా, వేరే ఒప్పందం లేకపోతే కాపీరైటు ఆ కోరినవారిదని 17వ సెక్షను (బి) ఖండం చెబుతుంది. ఆ జాబితాలో శిల్పం లేదు. అంటే మీరు ఆ పెద్దాయన తైలవర్ణ చిత్రం వేసి ఇచ్చి ఉంటే హక్కు ఆ కుటుంబానిది. మీ వారు చేసింది విగ్రహం కాబట్టి, కాగితంపై వేరుగా రాసుకుని ఉండకపోతే, కాపీరైటు శిల్పిదే, మరో ప్రతి పోసుకునే హక్కూ ఆయనదే. అయితే బయానా రసీదు వెనుక, వాట్సాప్ సందేశాలలో ‘ఒక్కటే ప్రతి’ అన్న హామీ ఏదైనా ఇచ్చారేమో వెతకండి. హామీ లేకపోయినా, ఒక కుటుంబ పెద్ద ముఖాన్ని అమ్మకానికి పెట్టే ముందు వారి రాతపూర్వక సమ్మతి తీసుకోవడం మర్యాద, క్షేమం కూడా. ధర వేయకుండా ‘అమ్మకానికి కాదు’ అన్న చీటీతో పెడతామంటే వారు సాధారణంగా కాదనరు.

చివరగా క్యాలెండరు. పెయింటింగు కొన్న వ్యక్తి ఆ కాన్వాసుకు యజమాని. ఇంట్లో వేలాడదీసుకోవచ్చు, తిరిగి అమ్ముకోవచ్చు. కాని దాని ప్రతులు తీయించే హక్కు, మీరు సంతకం చేసి ఇవ్వనంతవరకు, మీ దగ్గరే ఉంది. తిరిగి అమ్మినప్పుడు ధర 10,000 రూపాయలు దాటితే, అందులో 10 శాతానికి మించని వాటాను తొలి హక్కుదారైన కళాకారిణి కోరవచ్చని 53ఎ సెక్షను కూడా ఉంది. క్యాలెండరుపై ముందుగా స్పీడ్ పోస్టులో నోటీసు ఇవ్వండి: అచ్చు వేసిన ప్రతుల సంఖ్య తెలపాలని, పంపిణీ ఆపాలని, ఫలానా మొత్తం రుసుముగా చెల్లించాలని. కాపీరైటు నమోదు తప్పనిసరి కాదు. అయినా ఒక్కో కృతికి 500 రూపాయల రుసుముతో చేయించుకుంటే సాక్ష్యానికి పనికివస్తుంది. వారు దిగిరాకపోతే మీరు నివసించే చోటి కోర్టులోనే దావా వేసే వీలును 62వ సెక్షను ఇస్తోంది. మీరు హైదరాబాదు వదిలి ఆ వ్యాపారి ఊరికి తిరగనవసరం లేదు. దావాకు ఉల్లంఘన జరిగిన నాటి నుంచి 3 సంవత్సరాల గడువు ఉంటుంది. క్యాలెండరు ప్రతిని, దుకాణంలో అది దొరికిన తేదీ తెలిసే బిల్లునూ ఒక కవరులో పెట్టి, నోటీసు రాయించడానికి వెళ్లేటప్పుడు మీ న్యాయవాదికి అందజేయండి.